ఉమ్మడి ఖాతా

ఎడారిలో స్వయంపోషక పల్లె అనగానే తమ గింజ తామే పండించుకు తినే ఆశ్రమం ఒకటి మనవాళ్ల ఊహలో మెదులుతుంది. ఇజ్రాయెల్ దక్షిణాన, అరావా లోయలోని కెతురా కిబ్బుట్జ్, అంటే ఉమ్మడి పల్లె, అలా బతకదు. 1973లో అమెరికా నుంచి వచ్చిన యువతీయువకులు మొదలుపెట్టిన ఊరది. వాన పడితే వార్తే. ఖర్జూరాలు, ఒకప్పుడు గాజు గొట్టాల్లో పెంచి ఎర్రబరిచిన నాచు, 2011 నుంచి సౌరవిద్యుత్తు: బయట అమ్ముకుంటేనే ఇల్లు గడుస్తుంది. అందులో తప్పేముంది? ఇసుకలో ఖర్జూరపు చెట్టును బతికించడం నీళ్ల గొట్టాలకు చేతనైన పనే. సంపాదనంతా ఒకే ఖాతాలో పోసి, ఎవరికెంత కావాలో సభలో కూర్చుని తేల్చుకోవడం మాత్రం, ఉమ్మడి కుటుంబాలు చూసిన మనకు తెలుసు, కష్టం. చాలా కిబ్బుట్జ్‌లు ఎవరి జీతం వాళ్లకే వదిలేశాయి. కెతురా ఆ తలనొప్పిని కావాలనే అట్టేపెట్టుకుంది.