నాలుగు రాళ్ళు

సంక్రాంతి వెళ్ళగానే మా ఇంట్లో వేసవి సెలవుల మాట మొదలవుతుంది. మా కుటుంబం, మా మరిది కుటుంబం కలిసే వెళ్తాం. "ఈసారి పాత ఊళ్ళూ చూడాలి, దీవులూ చూడాలి, ఖర్చు మాత్రం చేతిలో ఉండాలి" అన్నది మరిదే. అంటూనే ఫోనులో బ్యాంకాకు, అయుత్థయ, ఫుకెట్ చూపించాడు. డబ్బు నెలనెలా వాయిదాల్లో కట్టొచ్చన్నాడు.

పాత ఊళ్ళూ దీవులే కావాలంటే మన కృష్ణ ఒడ్డున వరసగా ఉన్నాయి కదా అన్నాను. సాగర్‌లో నాగార్జునకొండ దీవి, దిగువకు వస్తే అమరావతి, ఇంకా దిగితే ఘంటసాల, బందరు, చివరికి సముద్రం దగ్గర దివిసీమ. నది ఎటు పోతే మనమూ అటే పోవచ్చు, దారి వెతుక్కునే పనే లేదన్నాను.

"అక్కడేముంది వదినా, నాలుగు రాళ్ళు తప్ప?"

మా మరిది చెడ్డవాడు కాదు. బాగా చదువుకున్నవాడు, పిల్లలకు మంచి చెప్పాలనుకునేవాడు. ఆ నోటి వెంట ఆ మాట వచ్చినందుకే నాకు ఎక్కువ బాధ కలిగింది. ఇది ఆయన ఒక్కడి మాట కాదు. స్కూల్లో స్టాఫ్ రూములో విన్నాను, పెళ్ళిళ్ళలో విన్నాను, మాచర్ల బస్సులో పక్క సీటావిడ నోట కూడా విన్నాను. ఆవిడది ఆ పక్క ఊరే.

ఆ నాలుగు రాళ్ళ సంగతే చెప్తాను.

అమరావతి స్తూపం పలకలు పలనాటి సున్నపురాయివి. 1797లో కంపెనీ అధికారి కాలిన్ మెకంజీ వచ్చేసరికే, దీపాలదిన్నె అని పిలిచే ఆ స్తూపం దిబ్బను తవ్వి ఆ రాళ్ళతో ఇళ్ళూ గుళ్ళూ కట్టుకుంటున్నారు. కొన్నిటిని సున్నం కోసం కాల్చేశారు. 1845లో వాల్టర్ ఇలియట్ తవ్వించినవి మద్రాసు చేరి, ఏళ్ళ తరబడి ఎండకూ వానకూ ఆరుబయట పడి ఉన్నాయి. 1859లో వాటిని లండన్‌కు ఓడెక్కించారు. ఇవాళ బ్రిటిష్ మ్యూజియంలో 33ఎ గది మొత్తం అమరావతిదే. గాజు గోడల వెనక, తేమ ఎంతుందో లెక్క చూసుకుంటూ, కంటికి రెప్పలా కాపాడుతున్నారు. మనవాళ్ళు లక్షలు పోసి లండన్ వెళ్ళి ఆ గదిలో నిలబడి ఫొటోలు దిగి వస్తారు. గుంటూరు నుంచి గంటన్నరలో చేరే ఊరికి మాత్రం అమరేశ్వరుడి దర్శనానికి వెళ్ళి, స్తూపం ముందు నుంచే ఆటోలో వెనక్కి వచ్చేస్తారు. 2006 జనవరిలో దలైలామా అక్కడ కాలచక్ర ఉత్సవం జరిపినప్పుడు ఎక్కడెక్కడి దేశాల వాళ్ళో వచ్చి ఆ దిబ్బకు మొక్కి వెళ్ళారు. కృష్ణ ఒడ్డున ఉన్న స్తూపాల దిబ్బలు కొన్నిటికి మనం పెట్టుకున్న పేరు లంజదిబ్బ. ఆ పేరు నోటితో పలకాల్సి వచ్చినప్పుడల్లా నాకు తల వాలిపోతుంది.

ఇక నాగార్జునకొండ. 1926లో సూరపరాజు వెంకటరామయ్య అనే బడిపంతులు ఆ లోయలో ఒక పాత స్తంభం చూసి ప్రభుత్వానికి తెలియజేశారు. ఒక పల్లెటూరి మాస్టారు కళ్ళు పెట్టి చూశారు కాబట్టి ఇక్ష్వాకుల రాజధాని విజయపురి మళ్ళీ వెలుగు చూసింది. నేనూ బడిపంతులమ్మనే కాబట్టి ఆయన పేరు తలిచినప్పుడల్లా నాకు గర్వంగా ఉంటుంది. తర్వాత పురావస్తు శాఖ అధికారి లాంగ్‌హర్స్ట్ తవ్వించాడు. 1955లో సాగర్ ఆనకట్టకు శంకుస్థాపన జరిగింది, లోయంతా మునిగిపోతుందని అప్పటికే తేలిపోయింది. 1954 నుంచి 1960 దాకా ఆర్. సుబ్రహ్మణ్యం గారి ఆధ్వర్యంలో నీటితో పందెం వేసినట్టు తవ్వారు. కొన్ని కట్టడాలను రాయి రాయీ విప్పి, కొండ మీదికీ, ఒడ్డున అనుపుకీ తెచ్చి తిరిగి పేర్చారు. ఊరు నీళ్ళ కిందికి పోయింది, కొండ కొస దీవిగా మిగిలింది. మనం లాంచీలో పోతున్నప్పుడు మన కింద ఒక రాజధాని ఉంటుంది. నా చిన్న కూతురు ఆ మాట విన్నాక లాంచీ అంచు పట్టుకుని నీళ్ళలోకే చూస్తూ కూర్చుంది, కొండ వచ్చేదాకా తల ఎత్తలేదు.

ఆ లోయలో దొరికిన శాసనాల్లో బోధిసిరి అనే ఉపాసిక వేయించింది ఒకటి ఉంది. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుని పద్నాలుగో పాలనా సంవత్సరం నాటిది. సింహళ భిక్షువుల కోసం చైత్యగృహం కట్టించానని చెప్పి, తాను ఇంకా ఎక్కడెక్కడ ఏమేం కట్టించిందో వరసగా చెప్పుకుంటూ పోతుంది. అందులో కంటకసేలలో మహాచైత్యం తూర్పు ద్వారం దగ్గర కట్టించిన రాతి మండపం ఒకటి. కంటకసేల అంటే చల్లపల్లి దగ్గరి మన ఘంటసాలే అని పండితులు గుర్తించారు. గ్రీకు భూగోళవేత్త టాలెమీ రాతల్లో కనిపించే కంటకోస్సిల కూడా అదే అంటారు. అప్పట్లో అది ఓడలు ఆగే రేవు, ఇప్పుడు సముద్రం దూరంగా జరిగిపోయింది.

రాణి కాదు, రాజు చెల్లెలూ కాదు, ఒక గృహస్థురాలు. పదిహేడు వందల ఏళ్ళ కింద ఈ నది ఎగువన ఒక చైత్యం, దిగువన ఒక మండపం కట్టించి, ఆ లెక్క రాతి మీద చెక్కించి పోయింది. నేను మా మరిదికి చూపించాలనుకున్నది ఆమె దారినే. మొదట దీవిలో మ్యూజియం, చివరకు ఘంటసాల దిబ్బ. ఇంతకన్నా పాత యాత్ర మన ఇళ్ళల్లో ఎవరైనా వేసుకున్నారా?

చివరికి మేం నలుగురమే వెళ్ళాం. ఆరు రోజులు. గుంటూరు నుంచి మాచర్లకు రైలు, అక్కడి నుంచి సాగర్ బస్సు. దీవి, అనుపు ఒక రోజు. అనుపులో నాలుగు వైపులా మెట్లున్న రంగస్థలం ఉంది. మా పెద్దమ్మాయి మధ్యలో నిలబడి మామూలు గొంతుతో పద్యం చెబితే పైమెట్టు మీద నాకు ప్రతి అక్షరం వినిపించింది. తర్వాత అమరావతి. బెజవాడలో బస చేసి ఉండవల్లి గుహల్లో పడుకున్న అనంతశయనుణ్ణి చూశాం. సాయంత్రం పడవ మీద భవానీ ద్వీపం. ఐదో రోజు కూచిపూడి మీదుగా ఘంటసాల. ఆ పక్కనే శ్రీకాకుళం, ఆముక్తమాల్యద రాయమని ఆంధ్రవిష్ణువు కృష్ణదేవరాయలకు కలలో చెప్పాడంటారే, ఆ ఊరే. రాత్రికి బందరు.

బందరంటే అందరికీ లడ్డు తెలుసు. ఇంగ్లీషువాళ్ళు సూరత్‌లో కాలూనక ముందే 1611లో ఇక్కడ వర్తకశాల పెట్టారనీ, వాళ్ళకన్నా ముందే డచ్చివాళ్ళు వచ్చారనీ ఎందరికి తెలుసు? కోట దగ్గర డచ్చివాళ్ళ సమాధులున్నాయి, వాటి మీద వంశచిహ్నాలు చెక్కి ఉన్నాయి. 1864 తుఫానులో ముప్పై వేల మంది పోయిన ఊరు ఇది. పెడనలో చెక్క అచ్చులతో గుడ్డ మీద రంగులద్దే కలంకారీ పనివాళ్ళను చూస్తూ పిల్లలు రెండు గంటలు కదల్లేదు. చివరి రోజు దివిసీమ, హంసలదీవి. కృష్ణ సముద్రంలో కలిసే చోటు.

బస్సులు, లాడ్జీలు, తిండి, లాంచీ, ఆటోలు అన్నీ కలిపి నా లెక్కల పుస్తకంలో ఇరవై వేలకు లోపే తేలింది. ఆంధ్రాలో ఆడవాళ్ళకు పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో టిక్కెట్టుకు డబ్బు కట్టక్కర్లేదు, ఆధార్ చూపిస్తే చాలు. అప్పు లేదు, వాయిదా లేదు.

ఎండ మాటేమిటంటారు. నిజమే, రెంటచింతల పక్కనే తిరుగుతున్నాం, మే నెలలో ఆ ఎండ చిన్నది కాదు. మేం తెల్లవారుజామున బయల్దేరి పదింటికల్లా నీడ పట్టున చేరి, మళ్ళీ నాలుగింటికి కదిలేవాళ్ళం. బ్యాంకాకులోనూ ఏప్రిల్ అంటే ఏడాదిలో అన్నిటికన్నా వేడి నెల. ఆ ఎండను ఓర్చుకునేవాళ్ళు ఈ ఎండను ఎందుకు ఓర్చుకోరు?

లోటుపాట్లు లేవని నేను అనను. ఒకచోట గేటుకు తాళం వేసి ఉంది, తాళంచెవి ఎవరి దగ్గరుందో చెప్పే దిక్కు లేదు. ఒకచోట ఆడపిల్లలకు బాత్‌రూము లేక పక్కింటివాళ్ళను అడగాల్సి వచ్చింది, ఆ ఇల్లాలు మజ్జిగ కూడా ఇచ్చి పంపింది. చాలా చోట్ల బోర్డు మీద రెండు లైన్లే ఉన్నాయి, అవీ వెలిసిపోయాయి. ఎవరూ రారని బాగుచెయ్యరు, బాగులేదని ఎవరూ రారు. ఈ ముడి విప్పడం నా ఒక్కదాని చేతిలో లేదు. కాబట్టే ఇంత రాస్తున్నాను. వందమంది వస్తే ఆ తాళం తీయక తప్పదు.

మీ ఇంట్లోనూ ఇప్పుడు ఇదే చర్చ నడుస్తూ ఉంటుంది. పిల్లల పరీక్షలయ్యాక ఒక్క వారం ఈ నదికి ఇవ్వండి. బయల్దేరే ముందు లాంచీలు నడుస్తున్నాయో లేదో కనుక్కోండి, సాగర్‌లో నీటిమట్టం బాగా పడిపోతే ఆపేస్తారు. అప్పుడు అనుపు చూసి అమరావతికి వచ్చేయండి, దీవిని దసరా సెలవులకు దాచుకోండి. టోపీలు, నీళ్ళ సీసాలు మరిచిపోకండి. ఆ నాలుగు రాళ్ళ దగ్గరికి శుక్రవారం మాత్రం వెళ్ళకండి, ఆ రోజు మ్యూజియాలకు సెలవు.