బోటుకు రంగు, ఇంజన్‌కు ఉప్పు

ఏప్రిల్ 15న వేట నిషేధం మొదలవుతుంది. జూన్ 14 దాకా, 61 రోజులు, తూర్పు తీరంలో మరబోటు వేటకు కదలకూడదు. విశాఖలో, కాకినాడలో, నిజాంపట్నంలో బోట్లు మరమ్మతుకు ఎక్కుతాయి. అడుగు గీకుతారు, కొత్త రంగులు పూస్తారు, ముక్కు మీద దేవుడి బొమ్మ వేయించి, కొబ్బరికాయ కొట్టి, నిమ్మకాయలు కడతారు. ఇంజన్ మాటేమిటని అడిగి చూడండి. "ఆయిల్ మార్చాం, ఫిల్టర్లు మార్చాం" అంటారు. ఆఫ్టర్‌కూలర్ విప్పారా? "అదెందుకండీ, నడుస్తోందిగా!"

నడుస్తోందిగా! నా కోపమంతా ఈ ఒక్క మాట మీదే.

టర్బో లేని పాత ఇంజన్ల వాళ్ళకు ఈ గొడవ లేదు. టర్బో ఇంజన్ కొని, దాని గాలిని సముద్రపు నీటితో చల్లార్చుకుంటూ, గుర్రపు శక్తి గురించి జెట్టీ అంతా డప్పు కొట్టుకునేవాళ్ళతోనే నా తగాదా. అయ్యా, ఆ శక్తి ఎక్కణ్ణించి వస్తోందో ఎప్పుడైనా ఆలోచించారా? టర్బో గాలిని నొక్కుతుంది. నొక్కితే వేడెక్కుతుంది. నిండు లోడు మీద అది 150 డిగ్రీలు దాటడం మామూలే. వేడిగాలి పలచన. చల్లారిస్తే చిక్కబడుతుంది, సిలిండర్‌లోకి ఎక్కువ ఆక్సిజన్ వెళుతుంది, డీజిల్ శుభ్రంగా కాలుతుంది. ఆ చల్లార్చే పనంతా ఆఫ్టర్‌కూలర్‌ది. దాని లోపల కోర్ ఉంటుంది, రాగి-నికెల్ గొట్టాల కట్ట. గొట్టాల్లో సముద్రపు నీరు, వాటి బయట రెక్కల సందుల్లో ఇంజన్ పీల్చే గాలి. రెంటికీ మధ్య అడ్డు పలచని గొట్టపు గోడ, కొసల్లో రబ్బరు ఓ-రింగులు. సముద్రానికీ మీ పిస్టన్లకూ నడుమ ఉన్నది అంతే!

ఏళ్ళ తరబడి తెరవనిదాన్ని ఒక్కసారి విప్పించి చూడండి. బోల్టులు ఊడినా కోర్ రాదు. అల్యూమినియం పెట్టె, రాగి-నికెల్ కోర్, మధ్యలో ఉప్పునీరు. రెండు వేరు లోహాలు ఉప్పునీటిలో తగులుకుంటే వాటిలో ఎక్కువ చురుకైన లోహాన్ని ఆ నీరు తినేస్తుంది. అతుకు దగ్గర అల్యూమినియం తెల్లటి పొడిగా పొంగి, కోర్‌ను బిగబట్టి ఉంటుంది. సుత్తి దెబ్బలకు లొంగదు, ప్రెస్సుకు ఎక్కించాలి. లొంగేసరికి పెట్టెకో కోర్‌కో ఆయువు తీరుతుంది. ఓ-రింగు నలిగి చదునైపోయి ఉంటుంది. గాలి వైపు రెక్కలు నల్లటి జిడ్డుతో పూడిపోయి ఉంటాయి. చాలా ఇంజన్లలో క్రాంక్‌కేస్ నుంచి వచ్చే ఆయిల్ ఆవిరిని టర్బోయే పీల్చుకుంటుంది, అదంతా వచ్చి పేరుకునేది ఇక్కడే. నీటి వైపు చూస్తే ఉప్పు పెచ్చులు, గుల్లలు, ఎప్పుడో విరిగిన నీటి పంపు ఇంపెల్లర్ ముక్కలు. పైన మాత్రం నిగనిగలాడే కొత్త రంగు. పై పటారం, లోన లొటారం!

గాలి ఆడకపోతే ఇంజన్ నల్లపొగ కక్కుతుంది, రావలసిన ఆర్‌పీఎం రాదు. అప్పుడైనా కూలర్ విప్పుతారా? విప్పరు. మెకానిక్‌ను పిలిపించి డీజిల్ పంపు పెంచమంటారు. ఊపిరాడనివాడి నోట్లో ఇంకో ముద్ద కుక్కడమే కదా ఇది! పొగ పెరుగుతుంది, ఎగ్జాస్ట్ వేడి పెరుగుతుంది, వాల్వులు, పిస్టన్లు కాలతాయి. డీజిల్ రేటు మీద గంటసేపు ఉపన్యాసం ఇచ్చే ఓనరే ఆ డీజిల్‌ను పొగగొట్టంలోంచి ఆకాశానికి పోస్తుంటాడు.

ఓ-రింగు కారితే పరిస్థితి ఇంకా ఘోరం. ఉప్పునీరు గాలి దారిలోకి దిగి వాల్వులనూ సీట్లనూ తుప్పు పట్టిస్తుంది. ఇంజన్ ఆగి ఉన్నప్పుడు సిలిండర్‌లో చేరిందా, మళ్ళీ స్టార్ట్ చేయగానే కనెక్టింగ్ రాడ్ వంగుతుంది. నీరు గాలిలా నలగదు మరి. చాలా కూలర్లకు అడుగున చిన్న బొక్క ఉంటుంది, లోపల చేరిన తేమ కారిపోవడానికి. అది పూడిపోయిందో లేదో చూసేవాళ్ళెందరు? అక్కడ కారే చుక్కను నాలుక మీద వేసుకోండి. ఉప్పగా ఉంటే మీ ఇంజన్ అప్పటికే సముద్రం తాగుతోంది.

ఇక సర్వీసింగ్ పేరుతో విప్పకుండానే గొట్టాల్లోకి యాసిడ్ పోసి, బిల్లు రాసి వెళ్ళే మహానుభావులు! ఆ యాసిడ్ గాలి వైపు జిడ్డును తాకనైనా తాకదు. అల్యూమినియానికి తగిలితే దాన్నే తింటుంది. కారే ఓ-రింగును అది బాగుచేస్తుందా? అది మోసం. మరో పేరు లేదు.

పని తెలిసినవాడు కోర్ ఎటు తిరిగి ఉందో గుర్తు పెట్టుకుని బయటికి తీస్తాడు. ముందు జిడ్డు వదిలించే ద్రావకంలో నానబెడతాడు, ఆ తర్వాతే నీటి వైపుకు పలచటి డిస్కేలర్. మంచినీటితో బాగా కడిగి ఆరబెడతాడు. మూతులు మూసి, తొట్టిలో ముంచి, 20 పీఎస్‌ఐ గాలి ఎక్కించి, బుడగ వస్తుందేమోనని కాచుకుని కూర్చుంటాడు. ఒక్క బుడగ వచ్చినా ఆ కోర్ పనికిరాదు. కొత్త ఓ-రింగులు వేసి, అతుకులన్నిటికీ నీటికి కరగని మెరైన్ గ్రీజు దట్టంగా పూసి బిగిస్తాడు. ఆ గ్రీజు పూస్తేనే వచ్చేసారి కోర్ చేతితో జారి వస్తుంది. పొడిగా బిగించేవాడు వచ్చే మరమ్మతును ఇప్పుడే పాడుచేస్తున్నాడు. రెండేళ్ళకోసారైనా ఈ పని జరగాలి. చేపల వ్యర్థాలూ మురుగూ కలిసిన హార్బర్ నీటిలో తిరిగే ఇంజన్‌కు ఇంకా ముందే కావాలి, ఆ నీటిలోని సల్ఫైడులు రాగి-నికెల్‌ను కొరికేస్తాయి.

"ఖర్చండీ" అంటారు. ఓ-రింగులు, గ్రీజు, నికార్సయిన మెకానిక్ కూలి. ఇవి భారమా? రాడ్ వంగి బ్లాకు పగిలిన ఇంజన్ ఖర్చు ముందు పెట్టి చూడండి. ఆ ఇంజన్ ఆగేది జెట్టీలో కాదు. రాత్రిపూట, గాలి లేచినప్పుడు, నడిసముద్రంలో. అప్పుడు బోటులో ఉండేది ఓనరు కాదు, సరంగు, కళాసీలు.

అందుకే ఓనర్లతో వాదన ఇక చాలు. కళాసీ తమ్ముళ్ళూ, మీతోనే చెబుతున్నాను. జూన్‌లో మీ సామాను బోటులోకి ఎక్కించేముందు ఓనర్‌ను నిలదీయండి: కూలర్ ఎప్పుడు విప్పారు, నీళ్ళలో ముంచి గాలి పరీక్ష చేశారా, పాత ఓ-రింగులు ఏవీ, చూపించండి అని. చూపించలేకపోతే ఆ బోటు ఎక్కకండి.