ఒడ్డు విడవని సొరింగ

ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. మరబోట్లు రేవు దాటవు. ఆ రెండు నెలలూ తెడ్డు వేసే తెప్పలు, ఒడ్డున నిలబడి లాగే అలివి వలలు, చేతి గాలాలే బుట్ట నింపాలి. వాటికి చిక్కేవాటిలో సొరింగ ఒకటి. జానెడు పొడవు, కోసుగా దిగిన మూతి, ఇసుక రంగు వీపు. వంజరం పక్కన ఉంటే దాని వంక ఎవరూ చూడరు.

అలలు విరిగే చోటే దాని కాపురం. ఇసుకలోని పురుగుల్నీ చిన్న రొయ్యల్నీ మూతితో కెలికి ఏరుకు తింటుంది. కొత్తగా గాలం పట్టినవాళ్ళు బలమంతా పెట్టి దూరంగా విసురుతారు, చేపేమో కాళ్ళ దగ్గరే తిరుగుతూ ఉంటుంది. అల తవ్విన గుంటలో ఎర పడితే చాలు. నోరు చిన్నది కనుక గాలమూ చిన్నదే ఉండాలి. చిన్న సీసపు గుండు, గోరంత రొయ్య ముక్క. తాడు టకటకమంటుంది. అప్పుడే గుంజితే ఎర పోయినట్టే. వలతో అయితే ఇంకో తంటా. బెదిరితే చటుక్కున ఇసుకలో దూరుతుంది. వల పైనుంచి దాటిపోయాక లేచి తన దారిన తాను పోతుంది.

విశాఖ తీరంలో దొరికిన ఒక రకాన్ని 1982లో దత్, సుజాత అనే శాస్త్రజ్ఞులు కొత్త జాతిగా వర్ణించి సిల్లాగో సొరింగ అని పేరు పెట్టారు. అది నిజంగా వేరే జాతేనా అన్న చర్చ ఇంకా ఉంది, అది వాళ్ళు తేల్చుకుంటారు. మంగళూరులో ఈ కుటుంబపు చేపే కానె. రవ్వ అద్ది వేయించి పెడితే హోటళ్ళలో దానికున్న మర్యాదే వేరు. మన దగ్గర పులుసులోకి వెళ్తుంది. మెత్తటి కండ, ఉడికాక గరిటె పెడితే చెదిరిపోతుంది. గిన్నె చెవులు పట్టుకుని తిప్పాల్సిందే.

ఆస్ట్రేలియాలోని న్యూ సౌత్ వేల్స్‌లో దీని దాయాది 27 సెంటీమీటర్ల లోపు ఉంటే తిరిగి నీళ్ళలో వదిలెయ్యాలి. మనిషి దగ్గర 20కి మించి ఉండకూడదు. మన సొరింగకు ఆ కొలత సరిపోదు, చాలావరకు అంత పెరగదు కూడా. ఆ పట్టింపు మాత్రం అరువు తెచ్చుకోవచ్చు. వేలెడేసి పిల్లల్ని కూడా బుట్టలో వేసుకోవడం ఏం వేట?

అంతకంటే పెద్ద దిగులు ఇసుకది. ఉప్పాడ దగ్గర సముద్రం ఊరిని కోసుకుపోతుంటే రాళ్ళు పోశారు. ఇళ్ళూ రోడ్డూ నిలవాలి కదా, తప్పలేదు. కానీ రాళ్ళు పడ్డ చోట వాలుగా జారే ఇసుక మిగలదు, అందులోని పురుగులూ మిగలవు. అలివి వల లాగేవాళ్ళకు కాలు ఆనే చోటు ఉండదు. విశాఖలో రేవు తవ్వి తీసిన ఇసుకను ఆర్కే బీచ్‌లో పోసే పద్ధతి ఖర్చుతో కూడుకున్నదే అయినా, ఈ లెక్కన చూస్తే నయమనిపిస్తుంది. తీరం కోతకు నష్టం అంచనా వేసేటప్పుడు, కూలిన ఇళ్ళతోపాటు వల లాగే చోటు ఎంత పోయిందో కూడా రాయాలి. ఆ వివరం కోసం అధికారులు ఎక్కడికో పోనక్కర్లేదు. ఏ ఒడ్డున ఎవరు వల లాగేవారో పల్లెలో అడిగితే చెబుతారు.