మొగ్గ మీదున్న కొమ్మకు కత్తెర వద్దు

ఆడికృత్తికకు తిరుత్తణి కొండకు పూలకావళ్లు బారులు తీరతాయి. పూల గిరాకీ చూసి పక్క పల్లెల్లో కొందరు అప్పటికప్పుడే పూస్తున్న గుండుమల్లె కొమ్మలు విరిచి పాతేస్తుంటారు. నారు ఖర్చు మిగులుతుందని లెక్క. మొగ్గ మీదున్న కొమ్మకు వేరు పుట్టేదెక్కడ? బలమంతా పువ్వుకే పోతుంది. ముక్క ఎండితే ఒక కారు పోయినట్టే.

పూత తగ్గి, ఈశాన్య వానలు పడే అక్టోబరు, నవంబరు దాకా ఆగాలి. మరీ లేతా, మరీ ముదురూ కాని కొమ్మలో రెండు మూడు కణుపుల ముక్కలు తీసుకోవాలి. నవంబరు ఆఖరులో ఎలాగూ పొదల్ని అడుగున్నర ఎత్తుకు కత్తిరిస్తారు. అందులో పనికొచ్చే కొమ్మల్నీ గట్టు మీద తగలెయ్యడం ఏం తెలివి? తిరువళ్లూరు రైతు ఎక్కడో రామేశ్వరం దగ్గరి తంగచ్చిమడం నారు కోసం చూడాల్సిన పని కొంతైనా తప్పుతుంది కదా. తెగులు తగిలిన పొద కొమ్మ మాత్రం ఊరికే ఇచ్చినా తీసుకోకూడదు. రోగమూ వెంటే వస్తుంది.