గుణం మంచిదే, కానీ...

అంతస్సౌందర్యం అనే సమాసాన్ని మనవారు ఎవరి విషయంలో వాడుతారో ఎప్పుడైనా గమనించారా? పసిమి చాయ గల పిల్లను గూర్చి ఎవరూ ఆ మాట అనరు. ఆమెకు అందం ఉన్నది, అంతటితో సరి. పిల్ల నలుపయినప్పుడో, పళ్ళు కాస్త ఎత్తయినప్పుడో మాత్రమే "పైరూపానిదేముందండీ, అంతస్సౌందర్యం ముఖ్యం గాని" అనే వాక్యం పుట్టుకొస్తుంది. అంటే అది ప్రశంస కాదు, పరామర్శ. పొగడుతున్నట్లే పొగడుతూ నిందించడాన్ని మన ఆలంకారికులు వ్యాజస్తుతిలో చేర్చారు. ఆ అలంకారానికి లక్ష్యం కావాలంటే కావ్యాలు వెదకనక్కరలేదు, ఒక పెళ్ళిచూపులకు వెళ్ళివస్తే చాలు.

మా ద్వారకా తిరుమలలో వాటికి కొదవ లేదు. వైశాఖంలో ఒకసారి, ఆశ్వయుజంలో ఒకసారి స్వామికే ఏటా రెండు కల్యాణాలు జరిగే ఊరు ఇది. కొన్నేళ్ళ క్రితం నా దగ్గర తెలుగు చదువుకొన్న ఒక పిల్లకు ఇక్కడి సత్రపు వసారాలో పెళ్ళిచూపులు జరిగితే, పిలిచారు గనుక వెళ్ళాను. గురువు లఘువులు వేళ్ళమీద లెక్కపెట్టకుండానే పద్యం ఏ వృత్తమో చెప్పగలిగిన పిల్ల. అబ్బాయి తల్లి ఎగాదిగా చూసి, "గుణం మంచిదేనండీ, మొహంలో కళ కూడా ఉంది. కానీ రంగే కాస్త..." అని ఆగింది. పావుగంటలో గుణం ఎట్లా తెలిసిందో నాకు బోధపడలేదు. ఇంతలో దర్శనానికి వేళయిందని అందరూ లేచారు. వారు చేతులు జోడించడానికి వెళ్ళింది నల్లని స్వామి దగ్గరికే!

ఆ సంబంధం తప్పిపోయింది. పిల్ల ఏడవలేదు. వాళ్ళ నాన్న ఏడ్చాడు.

ఇక్కడి మూలవిరాట్టు పుట్టలో వెలసిన స్వయంభువు. మనకు దర్శనమయ్యేది పై భాగమే, కింది భాగం భూమిలోనే ఉన్నదని నమ్మకం. పాదసేవకు వీలుగా రామానుజులవారు వెనుక నిండుమూర్తిని ప్రతిష్ఠించారని స్థలపురాణం చెబుతుంది. ఒకే విమానం కింద రెండు మూర్తులు. కనిపించని సగాన్ని నమ్మి ఇంతమంది కొండ ఎక్కుతున్నారు. మరొక ఆచారం ఉన్నది. మూలవిరాట్టుకు అభిషేకం చేయరు. నీటిబొట్టు పడినా అడుగున పుట్టలోని చీమలు చెదరుతాయని. దేవుని స్నానం కన్నా చీమల స్థిమితం ముఖ్యమనుకొన్న మనస్సు ఎవరిదో గాని, అంతస్సౌందర్యం అనే మాటకు నేను అర్థం చెప్పవలసివస్తే దీనినే చూపిస్తాను. అది రూపం చాలనివారికి కొసరుగా వేసే వస్తువు కాదు. తనకన్న అల్పమైన ప్రాణి పట్ల మనిషి నడిచే తీరు.

రూపాన్ని దాటి చూడడం మనకు చేతకాదా అంటే, చేతనవును. కల్యాణకట్టలో తలనీలాలిచ్చి గుండుతో వచ్చే ఇల్లాలిని చూసి అందం పోయిందని ఎవరూ అనరు, మొక్కు తీరిందంటారు. ఆ చూపు కొండ దిగేసరికి ఏమవుతుందో!

కన్ను అందాన్ని వెదుకుతుంది. అది తప్పనడం దొంగవైరాగ్యం. ప్రబంధాలు చదివి పరీక్షలు రాసినవాణ్ణి, నేనెట్లా అంటాను? కానీ నలుపు అందం కాదని మనకు చెప్పినదెవరు? భారతం చూడండి. రాజులందరూ ఆశించిన ద్రౌపది నల్లనిది, ఆమె పేరే కృష్ణ. కవి వ్యాసుడూ కృష్ణుడే, ద్వీపంలో పుట్టాడు గనుక కృష్ణద్వైపాయనుడు. ఆయన రూపం చూడలేక అంబిక కన్నులు మూసుకొన్నది, అంబాలిక వెలవెలబోయింది. అంధుడైన ధృతరాష్ట్రుడూ, పాండువర్ణంతో పాండురాజూ అట్లా పుట్టారు. అంబికను తప్పుపట్టను, ఆమె ఇష్టాన్ని ఎవరూ అడగలేదు. నా ఆశ్చర్యం కవిని గూర్చి. తన వికృతరూపాన్ని దాచుకోకపోగా కథకే మూలంలో పెట్టాడు. తనకు గుణముందిలెమ్మని సర్దిచెప్పుకోనూ లేదు.

1975లో మన దేశంలో అమ్మకానికి వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ 2020లో గ్లో అండ్ లవ్లీ అయింది. డబ్బామీద తెలుపు మాట పోయింది. మన పెళ్ళిమాటల్లో "పిల్ల ఎర్రగా ఉంటుందా?" అన్న ప్రశ్న పోలేదు. (తెలుపును ఎరుపనడం మన తెలుగువారి అలవాటు.) పిల్లవాడు వడ్డించేవారితో ఎట్లా మాట్లాడుతాడని అడిగినవారిని మాత్రం నేను ఇంతవరకు చూడలేదు.

ముహూర్తాలు రాగానే సత్రాలు మళ్ళీ నిండుతాయి. ఆడపిల్లల తండ్రులకు నాదొక మనవి. ఎదుటివారు "గుణం మంచిదే" అని మొదలుపెట్టారంటే, "కానీ" వచ్చేలోగా కాఫీ గ్లాసులు లోపలికి తీసుకొనిపొండి.