గుళికల పొయ్యి కొందామా?

సంక్రాంతి దాటిందంటే మా సిద్దిపేట చుట్టుపక్కల చేలల్లో పొగలు లేస్తుంటాయి. ఆఖరి ఏరుడు అయిపోయాక పత్తి కట్టెను పీకి కుప్పలు పోసి అగ్గి పెడతారు. ఎకరానికి ఇంచుమించు టన్ను కట్టె వస్తుంది. దాన్ని చేన్లోనే ఉంచితే గులాబీ రంగు పురుగు అందులో దాక్కుని వచ్చే పంట మీద పడుతుందని వ్యవసాయాధికారులు చెప్తారు. ఉంచొద్దు సరే, మరి తీసి ఏం చేయాలి? వెనకటి రోజుల్లో మోపులు కట్టి ఇంటికి తెచ్చి పొయ్యిలో పెట్టుకునేవాళ్లం. ఇప్పుడు గ్యాసు వచ్చాక మోసేవాళ్లెవరు?

ఇదిగో, ఈ కట్టెతోనే గుళికలు చేసి వంటచెరుకుగా వాడొచ్చని ఈ మధ్య గట్టిగా వినిపిస్తోంది. పెల్లెట్లు అంటారు వాటిని. పెల్లెట్ పొయ్యి కొనమని ఇంటికొచ్చి చెప్పేవాళ్లున్నారు. మిషన్ పెట్టుకోమని మహిళా సంఘాల దగ్గరికి వచ్చేవాళ్లూ ఉన్నారు. మంచిదా చెడ్డదా అని మన పాఠక సోదరీమణులు కొందరు అడిగారు. ఒక్క మాటలో తేలే సంగతి కాదిది. కాస్త ఓపికగా చదవండి.

ముందు ఆ గుళిక ఏమిటో చూద్దాం. కోళ్లఫారాల్లో వేసే దాణా గుళికలు మీరు చూసే ఉంటారు, అచ్చం అలాగే ఉంటుంది. చిటికెన వేలంత మందం, అంగుళం పొడవు. చేసే పద్ధతి మనం మురుకులు ఒత్తుకునే పద్ధతే! కట్టెను ముక్కలు కొట్టి, ఎండబెట్టి, పొడి చేసి, ఆ పొడిని చిల్లుల బిళ్ల లోంచి విపరీతమైన ఒత్తిడితో నెడతారు. ఆ రాపిడికి వేడి పుడుతుంది. కట్టెలో సహజంగా ఉండే లిగ్నిన్ అనే పదార్థం ఆ వేడికి మెత్తబడి జిగురులా పట్టుకుంటుంది. ఇంటర్‌లో బాటనీ చదివిన వాళ్లకు ఈ పేరు గుర్తుండాలి, నాకైతే పేరు తప్ప ఇంకేమీ గుర్తు లేదు. బయటి నుంచి గంజి గానీ బంక గానీ కలపనక్కర్లేదు. మురుకుల పిండిలాగే ఇక్కడా తడే ప్రాణం. పొడిలో తడి నూటికి 10 నుంచి 15 పాళ్లు ఉండాలి. ఎక్కువైతే గుళిక విచ్చుకుంటుంది, మరీ తక్కువైతే పొడిపొడిగా రాలిపోతుంది.

ఎండు కట్టె, వేరుశనగ పొట్టు, మక్క బెండ్లు, రంపపు పొట్టు, ఊక, ఇవన్నీ గుళికలకు పనికొస్తాయి. కూరగాయల తొక్కలు, మిగిలిన అన్నం, పేడలాంటి తడి సరుకు దీనికి పనికిరాదు. దాని దారి గ్యాసు. మన సిద్దిపేట దగ్గర బుస్సాపూర్‌లో 2021లో మొదలుపెట్టింది అటువంటి తడి చెత్త గ్యాసు ప్లాంటే. హైదరాబాద్ బోయిన్‌పల్లి మార్కెట్లో కూరగాయల చెత్తతో కరెంటు తీస్తున్నారని అదే ఏడు ప్రధాని రేడియోలో చెప్పారు కూడా. ఈ రెండూ ఒకటేననుకుని, పొయ్యి అమ్మేవాళ్లను ‘మా ఇంటి చెత్తతో గుళికలు చేసిస్తావా’ అని అడిగేవాళ్లున్నారు. అది కాదు.

పొయ్యి సంగతికొస్తే, మీలో చాలామంది ఇళ్లలో ఒకప్పుడు పొట్టు పొయ్యి ఉండే ఉంటుంది. డబ్బా మధ్యలో సీసా నిలబెట్టి చుట్టూ రంపపు పొట్టు దట్టించి, సీసా తీసేసి వెలిగించేవాళ్లం. పెల్లెట్ పొయ్యి దానికి చదువుకున్న చెల్లెలు. గుళికలు నింపి పైనుంచి అంటించాలి. కింద చిన్న ఫ్యాను గాలి ఊదుతుంది. గుళికల్లోంచి వచ్చే పొగ బయటికి పోకుండా పైన మళ్లీ గాలి తగిలి అదే మంటగా మండుతుంది. ఊదుగొట్టం అక్కర్లేదు, కళ్ల నీళ్లు రావు, గిన్నె అడుగున మసి బాగా తక్కువ. ఒకసారి నింపితే రమారమి గంట మండుతుంది.

ఇది చిన్న మేలు కాదు. ఇళ్లలో కట్టెలు, పిడకలు కాల్చిన పొగ వల్ల మన దేశంలో 2019 ఒక్క ఏట్లోనే దాదాపు 6 లక్షల మంది చనిపోయారని అంచనా వేశారు. అందులో పొయ్యి ముందు కూర్చునేది ఎవరో నేను చెప్పాలా?

ఇంత మంచిదైతే ఇంకేం, కొనెయ్యొచ్చు కదా అంటారు. ఆగండి. మనకంటే ముందు కొన్నవాళ్లకు ఏమైందో వినండి.

బ్రిటిష్ పెట్రోలియం కంపెనీ, బెంగుళూరు ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్ వాళ్లు కలిసి ‘ఊర్జా’ అని ఒక పెల్లెట్ పొయ్యి తయారుచేశారు. 2006 ప్రాంతంలో మహారాష్ట్ర, కర్ణాటక, తమిళనాడుల్లో అమ్మడం మొదలైంది. మహారాష్ట్రలో స్వయం శిక్షణ్ ప్రయోగ్ అనే సంస్థ ద్వారా ఊళ్లలో ఆడవాళ్లే ఇంటింటికీ తిరిగి పొయ్యిలూ గుళికలూ అమ్మారు. జనం బాగా మెచ్చుకున్నారు. మూడేళ్లలో 4 లక్షల పొయ్యిలు పోయాయంటే మాటలా! ఆ తర్వాత చిక్కొచ్చింది, అదీ పొయ్యిలో కాదు, గుళికల్లో. గుళికలకు కావలసిన చెరుకు పిప్పి, వేరుశనగ పొట్టులాంటి సరుకు కోసం ఫ్యాక్టరీలూ ఎగబడ్డాయి, ధర పెరిగింది. కిలో 5 రూపాయల దగ్గర మొదలైన గుళికలు కొన్నాళ్లకే రెట్టింపుకు దగ్గరయ్యాయి. 2009లో ఆ వ్యాపారం ఫస్ట్ ఎనర్జీ అనే పుణె కంపెనీ చేతికి పోయింది. వాళ్లు మెల్లగా ఇళ్లను వదిలి హోటళ్లకు, పెద్ద వంటశాలలకు అమ్మడం మీద పడ్డారు. ఇళ్లలో చాలా పొయ్యిలు మూలన పడ్డాయి. ఆ పొయ్యిలో వేరే కట్టె పెట్టి వండుకుందామంటే వీలవ్వదు మరి!

మన దగ్గరా ఇటువంటిదే జరిగింది. ఉమ్మడి రాష్ట్రంలో 2000 తర్వాత ఊక, తుమ్మ కట్టెతో కరెంటు తీసే ప్లాంట్లు చాలా పెట్టారు. అంతకుముందు రైసుమిల్లు వాళ్లు ‘ఎత్తుకుపోండి’ అన్న ఊకకు అప్పటి నుంచి రేటు పెట్టారు. ఆ రేటుకు తట్టుకోలేక ప్లాంట్లే చాలావరకు మూతపడ్డాయి. చెత్త అన్నది ఎవరూ అడగనంత వరకే చెత్త. అడిగినవాడు వచ్చాడా, అది సరుకు! ఇప్పుడు అడిగేవాడు ఎవరో తెలుసా? బొగ్గు కరెంటు ప్లాంట్లు. బొగ్గులో నూటికి 5 పాళ్లు ఈ గుళికలు కలపాలని 2021 అక్టోబరులో కేంద్రం వాళ్లకు ఆదేశమిచ్చింది. అంత పెద్ద కొనుగోలుదారుతో మన వంటిల్లు పోటీపడగలదా?

అందుకే పొయ్యి ధర అడిగేకంటే ముందు గుళిక ధర అడగండి. లెక్క నేను వేసి పెడతాను, మీరు ధర వేసుకోండి చాలు. కిలో గ్యాసులో సుమారు 11 వేల కిలోక్యాలరీల వేడి ఉంటే, కిలో గుళికల్లో 4 వేలకు అటూ ఇటూ ఉంటుంది. గ్యాసు పొయ్యి ఆ వేడిలో నూటికి 60 పాళ్లు గిన్నెకు అందిస్తుంది. మంచి పెల్లెట్ పొయ్యి 35 పాళ్లు అందిస్తుంది. అంటే కిలో గ్యాసు చేసే పనికి నాలుగున్నర, అయిదు కిలోల గుళికలు కావాలి. 14.2 కిలోల సిలిండర్‌కు సమానం సుమారు 67 కిలోలు.

ఇక భాగించండి. సిలిండరుకు 900 పెట్టేవాళ్లకు గుళికలు కిలో 13 రూపాయలలోపు దొరికితేనే లాభం. 2024 ఫిబ్రవరిలో మన రాష్ట్రంలో మహాలక్ష్మి పథకం కింద 500 రూపాయల సిలిండరు మొదలైంది. ఆ లెక్కన తీసుకునేవాళ్లకు కిలో ఏడున్నర దాటితే నష్టమే. గుళికల బస్తా మోసుకురావడం, బూడిద తీయడం, వెలిగించాక మధ్యలో ఆపలేకపోవడం ఈ లెక్కలో లేవు. టీ పెట్టుకోవడానికి గుళికల పొయ్యి వెలిగించడం, దోమను కొట్టడానికి రోకలి ఎత్తినట్టే. కాబట్టి గ్యాసు ఉన్న ఇంట్లో గుళికల పొయ్యి కొనమని నేను చెప్పను.

కట్టెల మీద వండేవాళ్లకు మాత్రం లెక్క తిరగబడుతుంది. మామూలు మూడు రాళ్ల పొయ్యి వేడిలో నూటికి 10, 15 పాళ్లే గిన్నెకు అందుతాయి. అక్కడ రెండున్నర, మూడు కిలోల కట్టె చేసే పని ఇక్కడ కిలో గుళికలు చేస్తాయి. బడుల్లో మధ్యాహ్న భోజనం వండే అక్కలు, మిర్చి బండి పెట్టుకున్నవాళ్లు, పెళ్లిళ్లకు వంటలు ఒప్పుకునేవాళ్లు ఆలోచించాల్సింది ఇక్కడే. పెద్ద గిన్నెలు, గంటల కొద్దీ మంట, కాబట్టి మధ్యలో ఆపే పనిలేదు. 19 కిలోల కమర్షియల్ సిలిండరుకు సబ్సిడీ కూడా ఉండదు. అది 1,800 అనుకుంటే, సమానమైన గుళికలు 90 కిలోలు. అంటే కిలో 20 వరకు పెట్టినా గిట్టుతుంది. ఫస్ట్ ఎనర్జీ వాళ్లు హోటళ్ల వైపు తిరగడానికి కారణం ఇప్పుడు అర్థమైందా?

మిషన్ సంగతి. మా సంఘం మీటింగుకు ఒకాయన వచ్చాడు. మీటింగుకు ముందే మిషన్ ఫొటోల పుస్తకం అందరి చేతుల్లో పెట్టాడు. ‘ఊళ్లో పత్తి కట్టె ఊరికే పోతోంది కదమ్మా, ఈ మిషన్లో వేస్తే పైసలే’ అన్నాడు. వెనక కూర్చున్న పెద్దమ్మ ఒకే ప్రశ్న అడిగింది. ‘కట్టె ఎండాకాలంల దొరుకుతది. వానకాలం నీ మిషన్ల ఏం బెడ్తవ్ బిడ్డా?’ ఆయన నవ్వి ఊరుకున్నాడు. ఆ ప్రశ్నకు నేను ఇంకో నాలుగు కలుపుతాను. పత్తి కట్టెను నేరుగా గుళికల మిషన్లో వేయలేం. ముక్కలు కొట్టే మిషన్ వేరే, పొడి చేసే మిషన్ వేరే. ఫొటోలో ఉన్నది మూడోది మాత్రమే! మూడింటికీ కలిపి ధర ఎంత? త్రీఫేజ్ కరెంటు ఉందా? టన్ను గుళికలకు 100 యూనిట్ల వరకు కరెంటు పోతుంది, కాదన్నవాళ్లను మీటరు పెట్టి చూపించమనండి. చిల్లుల బిళ్ల, అదే డై, అరిగిపోయే వస్తువు. మట్టి అంటిన వేర్లతో వేస్తే ఇంకా తొందరగా అరుగుతుంది. కొత్తది ఎక్కడ దొరుకుతుంది, ఎంతకు దొరుకుతుంది? అన్నింటికంటే ముఖ్యం, గుళికలు కొంటానని రాసిచ్చేది ఎవరు? కరెంటు ప్లాంటుకు లారీల కొద్దీ కావాలి. సంఘం మిషన్ గంటకు 100 కిలోలు చేస్తే అదే గొప్ప.

మా సంఘం కొనలేదు. అలాగని ఎవ్వరూ కొనొద్దనడం లేదు. దగ్గర్లో నాలుగు హోటళ్లో, రెండు హాస్టళ్లో ఏడాదికి ఇంత ధరకు తీసుకుంటామని ముందే కాగితం రాస్తే, కట్టె నిల్వ చేయడానికి షెడ్డు ఉంటే, ఆడవాళ్లు చేయదగ్గ పనే ఇది. పత్తి కట్టెతో గుళికలు చేసే పద్ధతి మీద కేంద్ర పత్తి సాంకేతిక పరిశోధన సంస్థ, అదే సిర్కాట్, చాలాకాలంగా పనిచేస్తోంది. నాగపూర్‌లో వాళ్ల కేంద్రం ఉంది. అమ్మేవాడి మాట కంటే అటువంటి చోట ఒకసారి చూసిరావడం మేలు. సంఘం పైసలంటే ఒక్కొక్కరి నెలనెలా పొదుపు కదా.

ఇక కొనాలని నిర్ణయించుకున్నవాళ్లకు నాలుగు మాటలు. గుళిక పైన నున్నగా, మెరుస్తూ ఉండాలి. విరిస్తే ‘టక్’మనాలి. గ్లాసు నీళ్లలో వేయండి. గట్టిగా ఒత్తింది మునుగుతుంది, తేలిందంటే సరిగ్గా ఒత్తలేదన్నమాట. బస్తా అడుగున పొడి ఎంతుందో చెయ్యి పెట్టి చూడండి, ఆ పొడి ఫ్యాను గాలికి లేస్తుంది. దేనితో చేశారో అడగండి. ఊకతో చేసినవైతే కిలోకు 150 నుంచి 200 గ్రాముల బూడిద మిగులుతుంది, పత్తి కట్టెవైతే అందులో మూడో వంతే. రంగులు వేసిన చెక్క, ప్లైవుడ్ ముక్కలు కలిపినవి మాత్రం వంటకు అసలు వద్దు. ఆ జిగురు, రంగు కాలిన పొగ ఒంటికి మంచిది కాదు.

పొయ్యిని తలుపులు మూసిన గదిలో పెట్టొద్దు. పొగ కనబడకపోయినా విషవాయువు ఉంటుంది. కరెంటు పోయి ఫ్యాను ఆగితే పొగ కమ్ముకొస్తుంది, బ్యాటరీ ఉన్న పొయ్యి చూసుకోండి. వానాకాలంలో గుళికల బస్తా నేల మీద పెట్టారా, చెమ్మకు ఉబ్బి నాలుగు రోజుల్లో మళ్లీ పొడే! చెక్క బల్ల మీద పెట్టి, మూత గట్టిగా పట్టే ప్లాస్టిక్ డ్రమ్ములో పోసుకోండి. మిగిలిన బూడిద రాత్రంతా చల్లారనిచ్చి, పొద్దున జల్లించుకుంటే బోళ్లు తోమడానికి అక్కరకొస్తుంది. చల్లారిందని చూసి ప్లాస్టిక్ బుట్టలో పారబోయొద్దు, లోపల నిప్పు పొద్దుటి దాకా ఉంటుంది. రేకు డబ్బాలోకే తీయండి.