చెట్టెవరిది? కాపెవరిది?

నూజివీడు చుట్టుపక్కల మామిడి తోటలలో ఒక పద్ధతి ఉన్నది. చెట్టు పూత మీదనో, పిందె మీదనో ఉండగానే రైతు ఆ ఏటి కాపును వ్యాపారికి గుత్తకిస్తాడు. బంగినపల్లి గానీ చిన్నరసాలు గానీ, కోసుకొని పోయే హక్కు ఆ వేసవికి వ్యాపారిది. చెట్టు మాత్రం రైతుదే. కాపు కొన్నవాడు కొమ్మలు నరికి కలప అమ్ముకోబోతే ఎవరూ చూస్తూ ఊరుకోరు. అనుమతి వేరు, యాజమాన్యం వేరు అన్న సంగతి అక్కడ ఎవరికీ విడమరచి చెప్పనక్కరలేదు. స్వేచ్ఛా సాఫ్టువేరు విషయానికి వచ్చేసరికి మాత్రం చదువుకున్న మనమే ఈ తేడాను మరచిపోతున్నాము.

ఒక ఖతినో, లిప్యంతరీకరణ పరికరాన్నో మొదలుపెట్టినవారు కొన్నేళ్ళకు అలసిపోయి వేరొకరికి అప్పగిస్తారు. సంకేతపదాలు, సైటు పేరు, నిర్వహణ భారము చేతులు మారుతాయి. అంతమాత్రాన కాపీహక్కు చేతులు మారదు. మన 1957 నాటి కాపీహక్కు చట్టం దృష్టిలో కంప్యూటరు ప్రోగ్రాము కూడా సాహిత్య రచనే. 19వ సెక్షను ప్రకారం హక్కు బదిలీ కావాలంటే హక్కుదారు సంతకంతో రాతమూలకమైన పత్రం ఉండాలి. స్థాపకుడు తాను రాసిన భాగాన్ని ఇవ్వగలడు గానీ, పదిమంది స్వచ్ఛందంగా రాసిచ్చిన భాగాలను ఇవ్వలేడు. వారు ఏ లైసెన్సు కింద ఇచ్చారో, కొత్త నిర్వాహకుడికి దక్కేది ఆ మేరకే. ఉద్యోగ విధిలో భాగంగా రాసినదైతే, వేరే ఒప్పందం లేనప్పుడు, హక్కు అసలు రాసినవాడిది కూడా కాదు, యజమానిది.

ఇది మనకు దూరపు ముచ్చట కాదు. 2003 డిసెంబరులో మొదలైన తెలుగు వికీపీడియా వ్యాసాలు 2009 జూనులో మిగిలిన భాషలవాటితో పాటే గ్నూ స్వేచ్ఛా పత్ర లైసెన్సు నుండి క్రియేటివ్ కామన్స్ లైసెన్సుకు మారాయి. రాసినవారిని ఒక్కొక్కరినీ అడగకుండా అది ఎలా సాధ్యమైనది? పాత లైసెన్సులో "ఈ కూర్పు గానీ, తరువాతి కూర్పు గానీ" అన్న మాట ముందునుంచే ఉన్నందువలన. 2008 నవంబరులో వచ్చిన 1.3 కూర్పు, 2009 ఆగస్టు 1 వరకు గడువు పెట్టి, వికీలు మారడానికి దారి తెరచింది. ఆ చిన్నమాటే లేకుంటే కలంపేర్ల వెనుకనున్న వేలమందిని ఎక్కడని వెదకేవారు?

అలాంటి దారి లేనివారి పాట్లు చూడండి. ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ 2012లో లైసెన్సు మార్చినప్పుడు, ఒప్పుకోనివారు గీసిన దారులను, జవాబివ్వనివారు గీసినవాటిని పటం నుండి తొలగించవలసి వచ్చింది. వీఎల్సీ వారు 2011, 12 సంవత్సరాలలో పాత సహకర్తలను పేరుపేరునా వెదకి అనుమతులు తెచ్చుకున్నారు.

"ఈ గొడవంతా ఎందుకు, అందరి హక్కులూ ముందే ఒక సంస్థకు రాయించుకుంటే పోలేదా?" అని కొందరు అంటారు. గ్నూ ప్రాజెక్టులలో కొన్నింటికి అలా రాయించుకునే ఆనవాయితీ ఉన్నమాట నిజమే. కానీ సంస్థలు కూడా చేతులు మారుతాయి. ఓపెన్ ఆఫీసు సహకర్తలు సన్ సంస్థతో హక్కులు పంచుకున్నారు. 2010లో సన్ సంస్థ ఒరాకిల్ చేతికి పోయింది. ఆ హక్కులూ దానితో పోయాయి. జీతం లేకుండా పనిచేసినవారిని ఆస్తి కూడా రాసిమ్మనడం నాకు న్యాయంగా తోచదు.

నా మాట ఇది. సహకర్త హక్కు సహకర్త దగ్గరే ఉండాలి. మార్పు స్వీకరించిన రోజే అది ఏ లైసెన్సు కింద వచ్చినదో, తరువాతి కూర్పులకు సమ్మతమో కాదో రాసి ఉంచాలి. కలంపేరుతో పనిచేసేవారైనా ఉత్తరం అందే చిరునామా ఒకటి ఇవ్వాలి. అప్పగింత నాడు పాత పేర్ల పట్టికను చెరపకూడదు; హక్కును బదిలీ చేసినా, కర్తను తానేనని చెప్పుకునే అధికారం 57వ సెక్షను ప్రకారం రచయితకు మిగిలే ఉంటుంది.

కాపీహక్కు మనిషి పోయిన తరువాత కూడా అరవై ఏళ్ళు నిలుస్తుంది. అప్పుడు అనుమతి కోసం అడగవలసింది, ఆ పని సంగతే ఎరుగని వారసులను. తెలుగును కంప్యూటరుకు ఎక్కించిన తొలితరం వారిని ఇప్పుడే, సమయముండగానే, అడిగి రాయించుకోవడం మంచిది. మొహమాటపడితే నష్టపోయేది వారు కాదు, వారి శ్రమను ముందుకు నడపవలసిన మనమే.